చిన్నాయన బిళ్ళ, నాయన వేళ్ళు

ఇత్తడిని చింతపండుతో తోమినప్పుడు వచ్చే పుల్లటి వాసన నన్ను ఇప్పటికీ ఊరిగాం బంగారు గని లైన్లలోని మా ఇంటికి తీసుకుపోతుంది. మొన్న దేవుడి గిన్నెలతో పాటు చిన్నాయన బిళ్ళను కూడా తోమాను. రూపాయి కంటే కాస్త పెద్దది, పైన తాడు కట్టుకునే చిల్లు, మధ్యలో ఒక నంబరు. పేరు లేదు. పేరు లేకపోవడం వల్లే ఆ సంవత్సరం మా ఇంట్లో అదంతా జరిగింది.

నాయన మునెప్ప, చిన్నాయన చౌడప్ప ఒకే గనిలో, వేరువేరు షిఫ్టుల్లో రాళ్ళ తొట్లు తోసేవాళ్ళు. తడికల గోడలు, రేకుల కప్పుల వరసలు మా లైన్లు. చలికాలంలో ప్రతి గడప ముందూ అనపకాయల పొట్టు, ప్రతి పొయ్యి మీదా పితికిపప్పు పులుసు. గాలి వీస్తే, బంగారం తీసేసిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల తెల్లదుమ్ము ఎగిరొచ్చి ఆరేసిన చీరల మీద, మా అచ్చనగాయల మీద పరుచుకునేది. భూమి లోపల బండ పగిలితే అటక మీది చెంబులు వాటంతట అవే మోగేవి, ఆడవాళ్ళు మాట ఆపి, ఆపద కూత వస్తుందేమోనని చెవులు రిక్కించేవాళ్ళు. గనిలో దిగేవాడు గేటు దగ్గర బిళ్ళ చూపించాలి. గుమాస్తా నంబరు చూసేవాడు, మొహం చూసేవాడు కాదు. అందుకని సొంత ఊళ్ళో కోతలున్నా, చావులున్నా అన్నదమ్ములు బిళ్ళలు మార్చుకునేవాళ్ళు. పక్కింట్లో మజ్జిగ అడిగినంత మామూలు అది.

ఆ అనపకాయల కాలంలోనే చిన్నాయన నంగలికి పెళ్ళిచూపులకు పోయాడు. అది గురువారం, ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. నాగాలు ఎక్కువయ్యాయని గనిలో అప్పటికే హెచ్చరించి ఉన్నారు కాబట్టి, ఆయన బిళ్ళ పట్టుకుని నాయన దిగాడు. మధ్యాహ్నం గని మనిషి వచ్చి, "చౌడప్పకు చెయ్యి నలిగిందమ్మా, ఆసుపత్రిలో ఉండాడు" అన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో అమ్మకొక్కదానికే తెలుసు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

రెండు తొట్ల మధ్య నలిగి నాయన కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి.

దెబ్బ తగిలిన పనివాడికి పరిహారం ఇప్పించే చట్టం ఒకటి ఉందని, అందులో ఏ వేలికి ఎంతో విడివిడిగా రాసి ఉంటుందని, బొటనవేలికి ఎక్కువని అప్పుడే విన్నాను. బొటనవేలి గొప్పేమిటో తెలియక, గుడ్డపేలికతో ఒక్కొక్క వేలూ మడిచి కట్టుకుని భోజనానికి కూర్చున్నాను. బొటనవేలు కట్టుకుంటే సంగటి ముద్ద నోటిదాకా రాలేదు. చట్టం రాసినవాడు సంగటి తిన్నవాడే అనుకున్నాను. చూపుడు వేలు, మధ్య వేలు కట్టుకుంటే ముద్ద వచ్చింది గానీ పులుసు మోచేతిదాకా కారింది. తర్వాత నాయన తినేటప్పుడు సరిచూసుకున్నాను. అలాగే కారింది.

ఆ చేత్తో ఇంక తొట్లు తోయలేడు, కాబట్టి పరిహారం అడగాలి. అడగాలంటే బిళ్ళ మార్చిన సంగతి చెప్పాలి. చెబితే చిన్నాయన పని పోతుంది, పని పోతే నంగలివాళ్ళు పిల్లనివ్వరు.

"నేనూ రెండు వేళ్ళు నరుక్కుంటా వదినా, కాగితంలో ఉండేది నా పేరే గదా, సరిపోతాది" అన్నాడు చిన్నాయన.

"నరుక్కో అప్పా. ఇంగ తాళి ముడి ఎవురేస్తారు? మీ అన్నకూ వేళ్ళు లేవాయ" అంది అమ్మ.

దెబ్బ తగిలాక నాయన నవ్వింది అప్పుడే. చిన్నాయన మాత్రం నవ్వలేదు. "చెప్పేద్దాంలేన్నా" అన్నాడు.

పరిహారం తేల్చే కచేరికి అమ్మ నన్నూ తీసుకుపోయింది. గని తరపు వకీలు, చౌడప్ప ఆ పొద్దు పనిలోనే ఉన్నాడనీ, మునెప్ప ఊరికే తమ్ముడి వెంట దిగి ఉంటాడనీ, పనిలో లేనివాడికి పరిహారం రాదనీ అన్నాడు. చౌడప్ప నంగలిలో ఉన్నాడని చెప్పడానికి పిల్ల తండ్రి వచ్చాడు గానీ, "నాకు కండ్లు మసక సామీ, మా రాజమ్మనడగండి" అని పక్కకు తప్పుకున్నాడు.

రాజమ్మ తల ఎత్తలేదు. "మొగం యాడ సూస్తాను సామీ, తల దించుకుని కూచుంటిని. కాఫీ లోటా అందుకున్న చెయ్యి సూసినాను. అందరినీ చేతులు సూపించమనండి."

అధికారి నవ్వుతూ నాయనను, చిన్నాయనను, ఇంకొందరిని వరసగా నిలబెట్టాడు. ఆ పిల్ల నేల చూస్తూ నడిచి, చిన్నాయన దగ్గర ఆగింది. "బొటనేలి గోరు నడిమికి చీలి ఉండాది. ఇదే సామీ."

నాయనకు పరిహారం వచ్చింది. చిన్నాయనకు పని పోయింది. కచేరి మెట్ల మీద నంగలి పెద్దాయన, "గని పని లేనోడికి పిల్లనెట్ల ఇచ్చేది?" అని తల గోక్కుంటుంటే, రాజమ్మ మెల్లగా, "చేతులుండాయి గదా నాయనా" అంది.

మామిడి పూత రాలకముందే పెళ్ళయింది. చిన్నాయన నంగలిలోనే ఉండిపోయి ఆవులు, పట్టుపురుగులు పెంచాడు. సాక్ష్యంగా పెట్టుకుని కచేరివాళ్ళు తిరిగిచ్చిన బిళ్ళ మా ఇంట్లో మిగిలింది.

ఇప్పుడు గని మూతబడింది. షాఫ్టు మీది చక్రం తిరగదు, కూత లేదు, చెంబులు మోగవు. తెల్లారితే జనం బెంగళూరు రైలుకు పరుగెత్తుతారు. నా మనవరాలి ఆఫీసులో తలుపే మనిషి మొహం చూసి తనంతట తాను తెరుచుకుంటుందట. ఈ బిళ్ళ తోమిన రోజే మా ఇంటికి వచ్చిన చిన్నమ్మకు ఆ వింత చెప్పాను. రాజమ్మ చిన్నమ్మ బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టింది.

"మొగమొకటే సూస్తాదా? చేతులు సూడదా?" అనడిగింది.