చెరిసగం పిన్ని

పిన్ని మొహం ఇరవై రెండేళ్ళుగా ఎన్నడూ ఒక్క రంగులో లేదు. అది పుట్టుకతో వచ్చింది కాదు. ప్రతి ఉదయం అద్దం ముందు అరగంట నిలబడి ఆవిడ చేజేతులా తెచ్చుకున్నది. ఎడమ కంటి కింద నలుపు కప్పడానికి ఒక కంపెనీ కన్సీలర్, కుడి కంటి కింద ఇంకో కంపెనీది. ఎడమ చెంపకు డబ్బా పౌడర్, కుడి చెంపకు బిళ్ళలా గట్టిగా ఉండే కాంపాక్ట్ పౌడర్. ముక్కు మాత్రం ఉమ్మడి ఆస్తి. అలా ముస్తాబై, ఎదురుపడిన మొదటి మనిషిని ఆపి, మొహం అటొకసారి ఇటొకసారి తిప్పి, "ఎడమదా, కుడిదా? చూసి చెప్పండి" అనేది. బంధువులు ఆవిడకు చెరిసగం పిన్ని అని పేరు పెట్టింది అందుకే.

"ఏదో ఒకటి రాసుకుని ఏడవచ్చు కదే!" అని అక్క కసిరేది.

"ఏది మంచిదో తేలకుండా ఎలా రాసుకోనక్కా?"

"ఇరవై రెండేళ్ళయినా తేలలేదా?"

"తేలేలోపు వాళ్ళు డబ్బా మార్చేస్తున్నారు. మళ్ళీ మొదట్నుంచి చూసుకోవద్దూ?"

అందరికంటే ఎక్కువ నలిగినవాడు బాబాయి. నోట్లో బ్రష్ ఉండగానే ఆయనకు పరీక్ష మొదలయ్యేది. ఎడమది బావుందంటే, "అంటే కుడివైపు ముసలిదాన్లా ఉన్నానా?" అనేది. రెండూ బావున్నాయంటే, "చూడకుండా చెప్పారు" అనేది. పాపం, చాలా ఏళ్ళకు ఆయనకు ఒక ఉపాయం తట్టింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, పిన్నిని కిటికీ దగ్గరకు రమ్మని, తీరిగ్గా చూసి, "మధ్యాహ్నం దాకా ఆగి చూద్దాం" అనేవాడు. పిన్నికి ఆ జవాబు ఎంతో నచ్చేది. ఎందుకంటే ఆవిడ లెక్క ప్రకారం అసలు తీర్పు మధ్యాహ్నం మూడు గంటలకే. కన్సీలర్ కంటి కింది మడతలో గీతలు పడిందా, పౌడర్ బూడిదరంగుకు తిరిగిందా, ఫోను కుడి చెవికి పెడితే ఎంత అంటింది, ఎడమ చెవికి పెడితే ఎంత అంటింది, అన్నీ అప్పుడే తేలతాయి. అందుకే మధ్యాహ్నాలు పిన్నికి ఫోన్ చేసినవాళ్ళకు సగం మాట వినపడేది కాదు. చెవులు మారుస్తూ ఉండేది.

ఒకసారి బంధువుల పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ ఆవిడ చేతికి చిక్కాడు.

"ఏ వైపు నుంచి తీయమంటారమ్మా?"

"రెండు వైపులా తీయి బాబూ, ఒకే వెలుతురులో. నేను కూడా రెండుసార్లూ ఒకేలా నవ్వుతాను."

ఆల్బం వచ్చాక చూస్తే పెళ్ళికూతురివి పదకొండు ఫోటోలు, పిన్నివి ఇరవై ఆరు. ఆ పెళ్ళివాళ్ళు ఆ తర్వాత రెండేళ్ళు మాట్లాడలేదు.

ఇంతకీ పిన్ని ఉద్యోగం ఎక్కడనుకున్నారు? చర్మవ్యాధుల ఆసుపత్రిలో, గుమ్మంలోకి అడుగు పెట్టగానే కనబడే రిసెప్షన్ బల్ల దగ్గర. ఆ బల్ల దగ్గరే పక్క కుర్చీలో ఉద్యోగానికి చేరింది చిట్టి, అంటే ఆవిడ అక్క కూతురు. చదువు అయిపోయి, పిన్ని ఇంట్లోనే ఉంటూ, పిన్ని మాట సాయంతోనే ఆ ఉద్యోగం సంపాదించుకుంది. జడలో ఒక్క వెంట్రుక చెదిరినా ప్రాణం విలవిల్లాడే పిల్ల. అలాంటిదాన్ని తీసుకెళ్ళి పిన్ని పక్కన కూర్చోబెట్టారు.

"షేడ్ ఎప్పుడూ చేతి మీద చూసుకోకే. మెడ పక్కన పెట్టి చూడు. మెడకు కలిసిందా, అది నీది. ట్యూబ్‌లైట్‌ను అస్సలు నమ్మకు, గుమ్మంలోకి వెళ్ళి చూసుకో. కన్సీలర్‌ను రుద్దకూడదు, వేలితో అద్దాలి. పైన పౌడర్ ఎక్కువైందంటే కంటి కింద గీతలు ఖాయం." దారి పొడుగునా ఇదే పాఠం. చిట్టి ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేద్దామనే చూసేది. కానీ ఎంత వద్దనుకున్నా కొంత బుర్రలో మిగిలిపోయింది.

బల్ల దగ్గరకు వచ్చిన ప్రతి పేషెంటుకూ పరీక్ష తప్పేది కాదు. ఒకరోజు మెడ మీద దద్దుర్లతో, కాలర్ పైకెత్తుకుని ఒక బస్సు డ్రైవర్ వచ్చాడు.

"మీ చీటీ రాసేలోపు కాస్త చూసి చెప్పండి. ఎడమదా, కుడిదా?"

"నాకేం తెలుసమ్మా? బస్సు నడుపుకునేవాణ్ణి."

"రోజంతా ఆ పక్క అద్దం, ఈ పక్క అద్దం చూసేవాళ్ళు మీరు. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఆయన ముందుకు వంగి, కాలర్ సంగతి మరిచిపోయి, శ్రద్ధగా చూశాడు. "కుడిపక్క కొంచెం బూడిద పూసినట్టుందమ్మా."

"అబ్బ! ఇన్నాళ్ళకు ఒక్క మనిషి నిజం చెప్పాడు!"

ఆయన ఏదో పతకం గెలిచినవాడిలా లోపలికి వెళ్ళాడు. చిట్టి మాత్రం రిజిస్టర్‌లో తల దూర్చేసింది. అంతలో ఒక ముసలావిడ వంగి చిట్టి చెవిలో, "ఈవిడకేమైనా జబ్బా అమ్మా? ఇక్కడే చూపించుకోవచ్చుగా" అంది. ఆ మాటతో చిట్టి ఓర్పు కాస్తా చచ్చిపోయింది.

వరండాలో సలహాల పెట్టె ఒకటి ఉండేది. అందులో ఎవరూ ఏనాడూ ఏ సలహా వేసిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం చిట్టి ఒక కాగితం మీద, రాత ఎవరిదో తెలియకుండా ఎడమ చేత్తో ఇలా రాసి అందులో వేసింది: "రిసెప్షన్‌లో పెద్దావిడ మొహం రెండు రంగుల్లో ఉంటోంది. ఎడమ చెంప మెడకన్నా ఒక షేడ్ తెల్లగా ఉంది. కుడి కంటి కింద మడతలో మధ్యాహ్నానికి కన్సీలర్ గీతలు పడుతోంది. ఒకే రంగులో ఉండమని చెప్పగలరు. ఇట్లు, ఒక పేషెంటు." డాక్టరుగారు పిలిచి మెత్తగా ఒక మాట చెబుతారు, దాంతో అంతా సర్దుకుంటుందనుకుంది.

ఆ పెద్ద డాక్టరుగారికి మెత్తగా చెప్పడం రాదు. మనిషి మంచివాడే గానీ, కాగితం మీద నుంచి తలెత్తి ఎదుటివాళ్ళను చూసే అలవాటు తక్కువ. సోమవారం అందరినీ నిలబెట్టి ఆ కాగితం పైకి చదివేశారు.

"చర్మం ఆసుపత్రిలో ముందు కూర్చునే మనిషే ఇలా ఉంటే లోపలికి ఎవరు వస్తారు? మీరు రేపట్నుంచి వెనకాల రికార్డుల గదిలో కూర్చోండి. ముందరి పని ఈ అమ్మాయి చూసుకుంటుంది. నెల రోజులు చూద్దాం. సవ్యంగా సాగితే ఇక అలాగే ఉంచేద్దాం."

పిన్ని ఆ కాగితం ఒకసారి ఇమ్మని అడిగి తీసుకుంది. రెండుసార్లు చదివింది. ఆవిడ మొహం రెండు వైపులా సమానంగా వాడిపోయింది. చిట్టి "నేనేనండీ రాసింది" అనడానికి నోరు తెరిచి, ఉద్యోగం గుర్తొచ్చి అందరి వెనక్కి జరిగింది. పిన్ని తన డబ్బాలు, ట్యూబులు సంచీలో సర్దుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

రికార్డుల గదిలో నాలుగు బీరువాలు, గోడవైపు తెరుచుకునే ఒక కిటికీ తప్ప మనిషన్నవాడు లేడు. మూడో రోజు పొద్దున పిన్ని మొహం కడుక్కుని అలాగే ఆసుపత్రికి బయలుదేరింది. బాబాయి కళ్ళజోడు తుడుచుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆవిడ ఆయన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

"ఏమే, ఇవాళ నన్నేం అడగలేదు?"

"ఎవరికి చూపించాలండీ? ఫైళ్ళకా?"

బాబాయి చిట్టి వైపు తిరిగి, "నాకేం బాగోలేదే అమ్మాయ్" అన్నాడు. ఇరవై రెండేళ్ళు ఏ గోల తప్పితే చాలనుకున్నాడో, ఆ గోల కోసం ఆయన బెంగపెట్టుకున్నాడు.

ఆసుపత్రి ముందు హాలు మాత్రం చాలా సవ్యంగా సాగింది. ఒక్కరూ మాట్లాడేవారు కాదు. కాలర్లు ఎత్తుకుని, కొంగులు కప్పుకుని, కుర్చీలు దూరం దూరంగా జరుపుకుని, తలలు దించుకుని కూర్చునేవారు. బస్సు డ్రైవర్ వచ్చి, "ఆవిడేరీ?" అని అడిగాడు. లోపల ఉన్నారంటే, "ఓహో" అని ఒక మూలకు వెళ్ళి కాలర్ పైకెత్తుకున్నాడు.

గురువారం, బేకరీలో పనిచేసే ఒక అమ్మాయి వచ్చింది. మొహానికి ఎడమవైపంతా, కన్నుతో సహా, స్కార్ఫ్ కప్పుకుంది. గుమ్మంలోంచే బల్ల వైపు చూసి, "పెద్దావిడ లేరా?" అంది.

"లేరండి. చీటీ రాయనా?"

"వద్దులెండి. మళ్ళీ వస్తాను."

తర్వాతి గురువారం కూడా అంతే. గుమ్మంలోంచి చూసింది, వెనక్కి తిరిగింది.

"అయ్యో, వెళ్ళిపోయిందా!" అని నర్సు తల కొట్టుకుంది. "ఓవెన్ తెరిచినప్పుడు ఆవిరి కొట్టింది పాపం. మచ్చ గట్టిపడకముందే వారం వారం వచ్చి చికిత్స చేయించుకోవాలి. రెండు వారాలు పోయాయి. ఈసారి కూడా రాకపోతే ఇన్నాళ్ళ వైద్యం దండగ."

"మరి లోపలికి రావడానికేం?"

"నీకు తెలీదా? మొదటిసారి వచ్చినప్పుడు గంటసేపు ఆ గుమ్మంలోనే నిలబడింది. మేం ముగ్గురం వెళ్ళి పిలిచాం, రాలేదు. మీ పిన్ని వెళ్ళి, 'అమ్మాయ్, ఎడమదా కుడిదా?' అంది. ఆ పిల్ల ఒంటి కన్నుతో చూసి ఏదో చెప్పబోయింది. 'ఒక్క కంటితో రంగు తేడా ఏం తెలుస్తుంది? సరిగ్గా చూడు' అని దెబ్బలాడింది మీ పిన్ని. దాంతో స్కార్ఫ్ వెనక్కి నెట్టి చూసింది. అప్పట్నుంచి గురువారం గురువారం ఆ పరీక్ష కోసమే వచ్చేది."

చిట్టికి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఇక్కడికి వచ్చే ప్రతి మనిషీ, ఎవరు తన మొహం చూస్తారో, చూసి ఏమనుకుంటారో అని హడలిపోతూ వస్తాడు. పిన్ని వాళ్ళ మొహం చూసేది కాదు. తన మొహం వాళ్ళకు అప్పగించేది. చూడటంలో పడి వాళ్ళు తమ సంగతి మరిచిపోయేవాళ్ళు. ఇంకో సంగతి కూడా చిట్టికి అప్పుడే తోచింది. ఇన్ని డబ్బాలు, ఇన్ని ట్యూబులు తెలిసిన పిన్ని, ఆ మచ్చ మీద ఇది రాసుకో, అది పూసుకో అని ఒక్క పేషెంటుతో కూడా అనలేదు. ఇంత మంచి మనిషిని నేనా ఆ చీకటి గదిలోకి నెట్టింది అని చిట్టికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడో గురువారం పొద్దున చిట్టి పిన్ని అలమరలోంచి రెండు ట్యూబులు, రెండు డబ్బాలు కాజేసింది. ఆసుపత్రి బాత్రూమ్ అద్దంలో చూసుకుంటూ, చెరిసగం రాసుకుంది. వచ్చి కూర్చుంటే నర్సు చేతిలో ట్రే జారినంత పనయింది.

పదిన్నరకు బేకరీ అమ్మాయి గుమ్మంలో కనబడింది. బల్ల వైపు చూసింది. వెనక్కి తిరగబోయింది.

"ఒక్క నిమిషం!" చిట్టి లేచి హాలు మధ్యలోకి పరిగెత్తింది. ఇరవై మంది తలలెత్తి చూశారు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. అయినా మొహం అటూ ఇటూ తిప్పింది. "ఎడమదా... కుడిదా?"

ఆ అమ్మాయి బిత్తరపోయి చూసింది. "సరిగ్గా కనబడటం లేదు."

"అయితే రెండు కళ్ళతో చూడండి."

ఆ అమ్మాయి స్కార్ఫ్ వెనక్కి నెట్టి, దగ్గరకు వచ్చి, చిట్టి గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి, నిదానంగా చూసింది.

"రెండూ ఘోరంగా ఉన్నాయండీ" అంది.

"ఘోరమంటే ఘోరమా! ఎడమపక్క గోడకు సున్నం కొట్టినట్టుంది" అన్నాడు బస్సు డ్రైవర్, మూలలోంచి లేచి వచ్చి. "కుడిపక్క మాత్రం ఏం తక్కువ?" అని ఇంకెవరో అందుకున్నారు. హాలంతా రెండు పార్టీలైపోయింది. గోల విని పెద్ద డాక్టరుగారు బయటికి వచ్చారు. కోప్పడబోయి ఆగిపోయారు. పది నిమిషాలు బతిమాలితే గానీ స్కార్ఫ్ తీయని పిల్ల, పట్టపగలు, నిండు హాల్లో, మొహం తెరిచి బస్సు డ్రైవర్‌తో వాదిస్తోంది.

"మీరు చెప్పండి డాక్టరుగారూ" అందా అమ్మాయి.

డాక్టరుగారు చాలాకాలానికి తలెత్తి ఒక మొహాన్ని నిజంగా చూశారు. చూసి, "ఈ పని తెలిసినావిణ్ణి పిలవండి" అన్నారు.

పిన్ని ఫైళ్ళ దుమ్ముతో వచ్చింది. చిట్టి మొహం చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అద్దమంటే రుద్దావేమే! మెడ ఎక్కడ, మొహం ఎక్కడ?" అంటూ చిట్టిని చెయ్యి పట్టుకుని కుర్చీలోకి లాగి, అంతా తుడిచేసింది. ఆ రెండు ట్యూబులూ, రెండు డబ్బాలూ తీసి, అందరూ చూస్తుండగా తన మొహానికి చక్కగా అద్దుకుంది. "మీ కుర్చీ మీదేనమ్మా. ఇక లేవకండి" అన్నారు డాక్టరుగారు. బేకరీ అమ్మాయి స్కార్ఫ్ చేతిలో పట్టుకుని ఆయన వెంట లోపలికి వెళ్ళింది.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి నడిచి వస్తున్నారు. చిట్టికి ఇక ఏడుపు ఆగలేదు.

"పిన్నీ, ఆ కాగితం..."

"నువ్వే రాశావు. ఆ రోజే తెలుసు."

"రాత గుర్తుపట్టావా?"

"ఆ కోడిగీతలు ఎవరు గుర్తుపడతారే? ఏ పేషెంటైనా మొహం చూస్తాడు గానీ మెడకు కలిసిందా లేదా అని చూస్తాడా? ఆ పాఠం నా దగ్గర చదువుకున్నది నువ్వొక్కదానివే."

"మరి డాక్టరుగారితో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నీ ఉద్యోగం ఉంటుందా? అప్పటికి నువ్వు చేరి నెల కాలేదు." పిన్ని సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "అయినా నువ్వు రాసింది తప్పేమీ కాదు. మూడు గంటలకు చూసుకుంటే ఆ గీతలు ఉండనే ఉన్నాయి. ఆ ట్యూబు అప్పుడే పారేశాను."

"నా మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదూ! బాగా వచ్చింది. రెండు రోజులు నీ కాఫీలో చక్కెర వేయలేదు. నువ్వు కనిపెట్టనే లేదు."

"కనిపెట్టాను పిన్నీ. దిగులుతో మర్చిపోయావనుకున్నాను. అడగడానికి ధైర్యం చాలక అలాగే తాగేశాను."

పిన్ని నడక ఆపేసింది. చిట్టి వైపు చూసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు తిరిగి చూసేలా, పక్కనున్న గోడ పట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారేలా నవ్వింది. చిట్టి కూడా ఏడుపు మానేసి నవ్వసాగింది.

ఉన్నట్టుండి పిన్ని నవ్వు ఆపి, చెంపలు తుడుచుకోకుండా, మొహం ముందుకు చాపింది.

"కదలకు. ఇంత నీళ్ళు ఎప్పుడూ పడలేదు. తొందరగా చూడవే, ఏది నిలబడింది?"

చిట్టి కళ్ళు తుడుచుకుని, పిన్నిని కాస్త వెలుతురులోకి జరిపి, రెండు వైపులా శ్రద్ధగా చూసింది.

"ఎడమది పిన్నీ" అంది.