పుల్లరి పార్టీకి తగ్గిన ఓటు

నలభై ఏళ్లుగా ఒక ఓటు నా గుండెల మీద కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది, అదే నా బాధ.

రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో మా మేనమామ పార్లమెంటుకు నిలబడ్డాడు. ఆయన పార్టీకి ఉన్నది ఒకటే కోరిక: నల్లమలలో గొర్రెలు మేపినందుకు కట్టించుకునే పుల్లరి తీసేయాలి. మరి దేశానికి ఏం చేస్తావని గిద్దలూరు సంతలో ఎవరో అడిగితే, ముందు పుల్లరి పోనీండి, దేశం సంగతి తర్వాత చూద్దామన్నాడు.

అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. మామ పెట్టెకు నిచ్చెన బొమ్మ. కిరసనాయిలు డబ్బాలకు బొమ్మలంటించి ఊరందరికీ ఓటు వేయడం నేర్పింది నేనే. మా ఊళ్లో ఒక్క చీటీ కూడా పక్క పెట్టెలో పడదని మామ మీసం మెలేశాడు.

పోలింగు రోజు చీటీ పట్టుకుని తెర వెనక్కి వెళ్లాను. అప్పుడు పుట్టింది పాడు ఆలోచన. మామ గెలిస్తే ఢిల్లీ పోతాడు. ఢిల్లీ పోయినవాడు తన కూతురు రాములమ్మను, నేను అప్పటికే మనసులో తాళి కట్టేసిన రాములమ్మను, గొర్రెలు కాసే నాకిస్తాడా? చీటీని పెద్ద పార్టీ పెట్టెలో వేసేశాను.

మామ చిత్తుగా ఓడిపోయాడు. నా ద్రోహంతో పనే లేకపోయింది. కానీ లెక్కింపులో మా ఊరి నుంచి వచ్చిన పెద్ద పార్టీ పెట్టె తెరిస్తే ఒకే ఒక్క చీటీ ఉంది. ఓటమిని మామ రెండు రోజుల్లో మరిచాడు, ఆ చీటీని మరవలేదు. అంతకుముందు ఏడాది పొట్టేలు బేరంలో తనతో తగువు పడ్డ కోటయ్య పెదనాయనే అది వేశాడని ఆయన మీద పడ్డాడు. ఎండాకాలం ఊరి మందలన్నీ కలిసి అడవికి పోతాయి. ఆ ఏడు పెదనాయన మందను మామ కలుపుకోనీయలేదు.

పెదనాయన మా దొడ్డి దగ్గరికి వచ్చాడు.

“నేను నిచ్చెనలోనే ఏసినా రా. నా బిడ్డల మీద ఒట్టు. మీ మామకు నువ్వన్నా చెప్పు నాయనా.”

“నేను చెప్తే మాత్రం ఇంటాడా పెదనాయనా,” అన్నాను.

ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది? అప్పటికే రాములమ్మతో లగ్నం మాట్లాడుతున్నారు. దానికి భయపడ్డానా, లేక పుట్టుకతోనే పిరికివాడినా? రెండూ అనుకుంటాను.

ఒంటరిగా పోయిన ఆ మందలో ఏడు గొర్రెలు చిరుతపులి పాలయ్యాయి. అయినా ఆయన నా పెళ్లికొచ్చి, అక్షింతలు వేసి, బూరెలు అడిగి మరీ తిన్నాడు. అందరూ ‘ఒంటి ఓటు కోటయ్య’ అని ఆటపట్టిస్తే తనూ నవ్వేవాడు. పోయిన రోజు పాడె దగ్గర కూడా ఎవరో అలాగే అన్నారు. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ని. అప్పుడూ నోరు విప్పలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కున్నవాడు లేడు. ఈ ఒక్క ముక్క రాశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది: కోటయ్య పెదనాయన అబద్ధం చెప్పలేదు.