గ్లాసు జరిమానా

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన కొడుకును పెద్దాయన గుమ్మంలోనే ఆపి, నోరు తెరిపించి వాసన చూశారు.

"వేరుశెనగలు," అన్నారు.

"బయట తిన్నాను నాన్నా. అదీ తప్పేనా?"

"కడుపులోవి తప్పు కాదు. జేబులోవి చూపించు."

జేబులో నాలుగు గింజలు దొరికాయి. కొడుకు వెళ్లి గ్లాసు తెచ్చుకున్నాడు.

పెద్దాయన ఉద్యోగమంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడంలోనే గడిచింది. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, కోడలు తెచ్చిన కూరగాయల సంచీ సోదా చేసి చీవాట్లు తిన్నారు. మనవరాలి జబ్బుతో ఆయనకు మళ్లీ డ్యూటీ పడింది.

తొమ్మిదేళ్ల ఆ పిల్లకు పేగుల్లో వాపు, పుండ్లు. ఆరు వారాల పాటు పొడి కలిపిన పోషక ద్రవం, నీళ్లు తప్ప ఇంకేమీ తీసుకోకూడదని డాక్టరమ్మ చెప్పారు. ఆ ద్రవమంతా తాగితే పేగులు తేరుకోవచ్చు. తాగలేకపోతే ముక్కులోంచి సన్నని గొట్టం వేసి పోయాలి. గొట్టం అనగానే పిల్ల రెండు చేతులతో ముక్కు మూసుకుంది.

ఇంటికొచ్చాక పెద్దాయన చట్టం చేశారు. మిగతావాళ్లు బయటే తిని రావాలి. పిల్ల ఉన్న ఇంట్లోకి ఎవరు తిండి తెచ్చినా, ఆమె పక్కన కూర్చుని అదే ద్రవం ఒక గ్లాసు తాగాలి. డబ్బా మీద వెనిలా అని రాసుంది. తడిసిన అట్టపెట్టెను నాకినట్టుందని కొడుకు అభిప్రాయం. తండ్రి మొహం వంకర్లు పోతుంటే పిల్ల పడీపడీ నవ్వి తన గ్లాసు ఖాళీ చేసేది.

నాలుగో వారానికి అందరూ దారికొచ్చారు. తనిఖీలో ఏమీ దొరకడం లేదు. పిల్ల గ్లాసు మాత్రం బల్ల మీద నిండుగా ఉండిపోతోంది.

"ఒక్కదాన్నే తాగితే బాలేదు తాతయ్యా," అంది పిల్ల.

కోడలు తల పట్టుకుంది. "గొట్టం తప్పదేమో మామయ్యా."

మర్నాడు పెద్దాయన ఉద్యోగం నాటి టోపీ పెట్టుకుని, మెడ కదపకుండా ఇల్లంతా తిరిగారు.

"తాతయ్యా, టోపీ తియ్యి."

"జలుబు చేసిందే."

"ఈ ఎండల్లో జలుబేంటి? తియ్యి."

బట్టతల మీద బిస్కెట్టు. జీవితమంతా దొంగల్ని పట్టిన మనిషికి దాచడం మాత్రం రాదు. పిల్ల నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"చూస్తే పెద్దమనిషిలా ఉన్నారు. మీరే ఇలా చేస్తే ఎలాగండీ?"

టికెట్ లేనివాళ్లను ఆయన అడిగే మాటే అది. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. బిస్కెట్టు కిటికీ బయట కాకులకు పోయింది. తాతా మనవరాలూ చెరో గ్లాసు ఎత్తారు.

ఆ తర్వాత కళ్లజోడు పెట్టెలో బ్రెడ్డు ముక్క దొరికింది. మేజోడులో దాచిన అరటిపండు ఆయన నడిచేసరికి గుజ్జయింది. పిల్ల తాగాల్సిన ప్రతి గ్లాసుకూ ఆయన ఒక నేరం చేయాల్సి వచ్చింది.

ఒకరోజు గ్లాసు దించి పిల్ల మెల్లగా అంది. "తాతయ్యా, రేపు కాస్త బాగా దాచు. మరీ తేలిగ్గా దొరికిపోతున్నావ్."

"ప్రయత్నిస్తానమ్మా."

ఆరు వారాలయ్యాక డాక్టరమ్మ పరీక్షల ఫలితాలు చూసి, పేగులు తేరుకున్నాయని, ఇక గొట్టం అక్కర్లేదని అన్నారు. పిల్ల రెండున్నర కిలోలు పెరిగింది.

"ఈయన్నీ తూచండి," అంది పిల్ల.

పెద్దాయన నాలుగు కిలోలు పెరిగారు.