మా ఆడబిడ్డ పెట్టే సిన్మా పరీక్ష

మా ఆడబిడ్డ మానస ఎవరికైనా ఒక సిన్మా సూడుమని చెప్పిందంటే, ఇగ ఆ మనిషికి తప్పించుకునే తొవ్వ లేదు. సూసేదాంక విడువది. సూసినంక అసలే విడువది. ఎట్లున్నది, ఏడ బాగనిపించింది, ఎందుకు బాగనిపించింది అని పోలీసోళ్ల లెక్క అడుగుతది. ఊకె బాగున్నది అంటే ఒప్పుకోదు. ఒకసారి నేను సూడకుండనే మస్తున్నది అని చెప్పి దొరికిపోయిన. రెండు దినాలు నాతోని మాట్లాడలే.

పెద్ద పెద్ద సిన్మాలు గావు ఆమెకు గావాల్సినవి. పది నిమిషాలవి, పావుగంటవి, ఎవరో పిల్లలు చందాలేసుకొని తీసినవి, ఏదో తెల్వని భాషలవి. యూట్యూబ్‌ల మంది పోని మూలలకు పోయి దేవులాడి తెస్తది. నాచారంల బిస్కెట్ల కంపెనీల పని ఆమెది. ప్యాకెట్లకు సీలు సక్కగ పడ్డదా లేదా సూసుడు. మా చిల్కానగర్ల కంపెనీ బస్సు ఎక్కినప్పుడు ఒకటి, పగటీలి అన్నం తిన్నంక ఒకటి, మల్ల బస్సుల వచ్చేటప్పుడు ఒకటి సూస్తది. ప్యాకెట్లను సూసినట్టే సిన్మాలను గుడ సూస్తది, గాలి పోయేదుంటే పక్కకు పడేస్తది.

ఎవ్వరికి ఏది పడితే అది చెప్పదు మల్ల. మనిషిని సూసి చెప్తది. కంపెనీ గేటుకాడ ఉండే సాంబయ్య మామకు, పాత స్కూటరు అమ్మనీకి పోయి కొనేటోని ఇంట్ల కడుపునిండ తిని, స్కూటరు అమ్మకుండనే వాపస్ వచ్చిన ముసలాయన సిన్మా చెప్పింది. ఆయన ఇప్పటికీ దాని ముచ్చటే చెప్తడంట. నాకు, మా అత్తమ్మ సత్తమ్మకు ఒకపారి లొల్లి అయితే, ఇద్దరికి ఒక బొమ్మల సిన్మా పంపింది. దాంట్ల ఒక్క పొయ్యి మీద రెండు కుక్కర్లు నువ్వెక్కువా నేనెక్కువా అని ఈలలేస్తయి. ఆ కుక్కర్లు ఎవరో నాకు తెల్వదా? అత్తమ్మ అంతా సూసి, ఆ చిన్న కుక్కరుకు నోరెక్కువ అన్నది.

ఇంత గమ్మతు పిల్లకు ముప్పై దాటినా పెండ్లి కాలే. సంబంధాలు రాక గాదు. వచ్చిన పిల్లగానికల్లా ఈమె ముందుగాల ఒక సిన్మా పంపుతది. ఒకాయన దాంట్ల హీరో ఎవరు అని అడిగిండు. ఇంకొకాయన పన్నెండు నిమిషాల సిన్మాకు రెండు నిమిషాలల్లనే బొటనవేలు బొమ్మ పంపిండు. ఇద్దరిని కాదన్నది. అత్తమ్మ నెత్తి కొట్టుకున్నది. నేను పోయినంక దీనికి తోడెవరుంటరే త్రివేణీ అని నా దగ్గర ఏడుస్తది. నాకు గుడ తిక్క లేసి ఒకనాడు అడిగిన, సిన్మాలు సూసెటోడే గావాల్నా, కొలువున్నోడు, బుద్ధిమంతుడు సాలడా అని.

"సూసుడు ఒక్కదాన్నే సూసుకుంట వదినా. సూసినంక దాని ముచ్చట చెప్పనీకి ఒక మనిషి ఉండాలె గద," అన్నది.

మా ఆయన నరేన్ అయితే సిన్మా మొదలైతేనే గుర్రు పెడ్తడు.

గిట్లుండంగ సంబంధాలు సూసే గిరిప్రసాద్, నారపల్లి సంబంధం ఒకటి తెచ్చిండు. పిల్లగాని పేరు దుర్గేష్. ప్లాట్లు అమ్మే ఆఫీసుల పని, సొంత ఇల్లు, తండ్రి లేడు, తల్లి ఒక్కతే. ఇదే ఆఖరు, దీన్ని గుడ కాదంటే నన్ను అమ్మా అని పిలువకు అని అత్తమ్మ మానసకు చెప్పేసింది. ఆమె ఇంకొక రూలు గుడ పెట్టింది. మాట ఖాయం కాకముందు పిల్ల పిల్లగానితోని ఫోన్ల మాట్లాడొద్దు. మా జనగామ దిక్కు గట్ల మర్యాద గాదంట.

సరే, మాట్లాడొద్దన్నరు గని మెసేజ్ పంపొద్దనలేదు గద అని మానస బయోడేటా మీదున్న నంబరుకు ఒక సిన్మా పంపింది. మరునాటికి జవాబు వచ్చింది. ఒక మాట గాదు, ఒక పేజీ. మానస ఇంకొకటి పంపింది. దానికి గుడ వచ్చింది. మూడో దినం అటుదిక్కు నుంచే ఒక సిన్మా వచ్చింది, మానస గుడ సూడనిది. ఇగ సూడున్రి, పిల్ల కాళ్లు భూమ్మీద లేవు. నాతోని సుత లొల్లి పెట్టుకోవుడు మర్చిపోయింది.

ఒకనాడు వంటింట్లకు ఉరికొచ్చి ఫోన్ నా మొఖం ముంగట పెట్టింది. ఒక ముసలామె రోజు బస్టాప్‌ల కూసుంటదంట. ఏ బస్సు ఎక్కది. వచ్చినోళ్లందరి సంచులు పట్టుకుంటది, మల్ల ఇస్తది. అంతే సిన్మా. దానికి వచ్చిన జవాబు సదివిన. ఆమెకు ఏడికీ పోయేది లేక గాదు, ఇంట్ల మాట్లాడెటోళ్లు లేక వచ్చి కూసుంటది అని ఉన్నది.

ఇగో గిట్లాంటి మనిషి గావాలె వదినా అన్నది మానస. ఆ మాట అత్తమ్మ చెవుల పడ్డది. అంతే, ఉప్పల్ల ఫంక్షన్ హాలు ఏది బాగుంటదో అడుగుడు మొదలువెట్టింది. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, వంటోళ్లను గుడ మాట్లాడబోయింది. నేను ఆపిన.

ఐతారం వాళ్లు వచ్చిన్రు. దుర్గేష్, వాళ్లమ్మ స్వర్ణలత, గిరిప్రసాద్. ఆ స్వర్ణలతమ్మ అందరిలెక్క పిల్ల నడకనో, జడనో సూడలే. మానసను సూసి, ఎప్పటినుంచో ఎరికున్న మనిషిని సూసినట్టు నవ్వింది. మంచి అత్త దొరికిందనుకున్న. చాయ్ తాగినంక ఇద్దరు జర మాట్లాడుకోవాలె అని మిద్దె మీదికి పంపిన్రు, మర్యాదకు నన్ను తోడిచ్చిన్రు. నేను నీళ్ల ట్యాంకు పక్కకు నిలబడి, ఎండిన బట్టలను మల్ల మల్ల మడత పెట్టుకుంట చెవులు మాత్రం అటే వేసిన.

ఆ బస్టాప్ ముసలామె సంగతి మీరు బాగ పట్టుకున్నరు అన్నది మానస. దుర్గేష్ కొంచెంసేపు ఆలోచించి, నారపల్లి నుంచి మేం కార్లనే వచ్చినం, బస్టాప్‌ల ఎవరు కలవలేదండి అన్నడు.

నా చేతుల చద్దరు జారి కింద పడ్డది.

పాపం, పిల్లగాడు అబద్ధం ఆడెటోడు గాదు. సిన్మాలు అలవాటు లేదు, ఉప్పల్ స్టేడియంల మ్యాచ్ ఉంటే మాత్రం తప్పక పోత అన్నడు. మానస ఫోన్ తీసి సూపిచ్చింది. నంబరు పక్కన ఫొటో అతనిదే, కోటేసుకొని బండి మీద కూసున్నది. ఇది మా అమ్మ నంబరండి అన్నడు. అమ్మలు అందరు గంతే, వాళ్ల మొఖం పెట్టుకోరు, కొడుకు మొఖం పెట్టుకుంటరు. తండ్రి లేని ఇంట్ల బయోడేటా మీద పెద్దమనిషి నంబరు ఉండాల్నంటే తల్లిదే గద ఉండేది. ఆ ముచ్చట మాకెవ్వరికీ తట్టలే.

కిందికి దిగినం. స్వర్ణలతమ్మ సంగతి తెలిసి తెల్లబోయింది. పిల్ల ముందుగాల అత్తతోని దోస్తీ జేసుకుంటున్నది, గిట్లాంటి కోడలు ఏడ దొరుకుతది అని ఆమె ఇన్ని దినాలు మురిసిపోయిందంట. మా అత్తమ్మనే ముందుగాల తేరుకున్నది. ఏమాయె ఇప్పుడు, రొట్టె విరిగి నెయ్యిల పడ్డది, సిన్మాలు అత్తతోని సూస్తది, సంసారం మొగనితోని జేస్తది, రెండూ ఒక్కింట్లనే అన్నది. గిరిప్రసాద్ తలూపిండు. దుర్గేష్ గుడ నాకేం అభ్యంతరం లేదన్నడు.

నిజం చెప్తున్న, నాకు గుడ ఆ మాట సబబే అనిపించింది. మానస స్వర్ణలతమ్మ దిక్కే సూస్తున్నది. ఊ అంటది, ఇంకొక్క క్షణమైతే ఊ అంటది అని నాకు తెలుస్తనే ఉన్నది.

గప్పుడు స్వర్ణలతమ్మ లేచి వచ్చి మానస పక్కన కూసున్నది.

"నా కొడుకు మంచోడే బిడ్డా. గని పొద్దుగూకి ఇంటికొస్తే వానికీ నాకూ మాట్లాడుకోనీకి ఒక్క ముచ్చట దొరకది. నువ్వొస్తే నా బాధ పోతది. ఆ బాధ నీకొస్తది. తెలిసి తెలిసి ఆ పని నేను జెయ్య."

దుర్గేష్ తల దించుకున్నడు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇల్లంతా ఒక్కతే తిరుగుకుంట ఉండే మనిషి, చేతికి అందిన తోడును తానే కాదన్నది. నేనైతే అంత పని జేసెదాన్ని గాదు. మానస, మరి ఇకముందు సిన్మాలు పంపాల్నా వద్దా అని అడిగింది. పంపకపోతే నేనే అడుగుత అన్నది స్వర్ణలతమ్మ.

వాళ్లు పోయినంక మా ఇంట్ల పీనుగు లేచినట్టే ఉండె. అత్తమ్మ అన్నం ముట్టలే. అత్త నచ్చి, పిల్లగాడు నచ్చి, పెండ్లి మాత్రం కాని సంబంధం నా జన్మల సూడలే అని గోడకు చెప్పుకున్నది. మానసతోని మాటలు బంద్. పిల్ల గుడ సప్పుడు జేయకుండ కంపెనీకి పోయి వచ్చింది.

మల్ల ఐతారం తలుపు కొడ్తే తీసిన. స్వర్ణలతమ్మ నిలబడ్డది, చేతుల సకినాల డబ్బా. బస్సుల వచ్చిందంట. అత్తమ్మ మొఖం మాడ్చుకొని, సంబంధం లేదంటిరి గద, మల్ల ఏం పని మీద వచ్చిన్రు అని అడిగేసింది. నాకు సిగ్గయింది. ఆమె మాత్రం ఏమనుకోలే. మా మానస ఒక సిన్మా పెద్ద టీవీల సూడాల్నన్నది, అందుకే వచ్చిన అన్నది. మా మానస అని అన్నది సూడున్రి. అత్తమ్మ వంటింట్లకు వచ్చి పీట మీద కూసున్నది.

ముంగటి గదిల సిన్మా ఎప్పుడో అయిపోయింది, ముచ్చట మాత్రం అయిపోలే. ఆ సిన్మాల పిల్ల చివర్ల ఎందుకు వాపస్ వచ్చిందో ఈమె ఒకటంటది, ఆమె ఒకటంటది. ఇద్దరు కీసులాడుకుంటున్నరు. మానస అంత మాట్లాడంగ నేను ఈ ఇంటికి వచ్చినకాంచి సూడలే. అత్తమ్మ ఒల్చే ఎల్లిపాయ చేతులనే పెట్టుకొని అటే వింటున్నది.

అంతల అత్తమ్మ ఫోన్ మోగింది. గిరిప్రసాద్. కాప్రాల మంచి సంబంధం ఉన్నదంట, గంటల పిల్లగాన్ని తోలుకొని వస్తడంట. అత్తమ్మ ఒకపారి ముంగటి గది దిక్కు సూసింది.

"ఇయ్యాల వద్దు గిరిప్రసాదూ. మా పిల్లకు ఖాళీ లేదు, దోస్తు వచ్చింది," అన్నది.

ఫోన్ పక్కకు పెట్టి, చాయ్ జర ఎక్కువ పెట్టు, నేను గుడ ఆడనే కూసుంట అన్నది.