కొలతల పుస్తకంలో మూడో నెల

కుట్టుపని చేసే ఆవిడకు కొలతల పుస్తకమంటే ప్రాణం. కొలతల పక్కన ఫోన్ నంబరు, దాని కింద ఆ మనిషి గురించి నాలుగు ముక్కలు. టీచరమ్మ ఒళ్లు చేసింది, కుట్లు విప్పాలి. మలుపింటి కోడలికి మూడో నెల, ఎవరికీ చెప్పొద్దంది, నడుము దగ్గర రెండంగుళాలు ఎక్కువ వదలాలి. ఇరవై ఏళ్లుగా ఆ పుస్తకం మిషను సొరుగు దాటలేదు.

ఆవిడ మరిదికి ఒక పార్టీ ఎన్నికల ఆఫీసులో పని, జనం ఫోన్లకు పార్టీ మెసేజీలు పంపడం. పోయిన వారం వచ్చి, "వదినా, నంబర్లు రాసుకుంటాను, ఒక్కసారి ఇవ్వవా" అన్నాడు. మొహమాటానికి ఇచ్చి, బట్ట కత్తిరించుకుంటూ కూర్చుంది. నంబర్లతో ఆగాడా! పేజీ పేజీకీ ఫోటో తీసుకుపోయాడు.

ఇవాళ మధ్యాహ్నం టీచరమ్మ పకపకా నవ్వుతూ వచ్చింది.

"ఏమమ్మోయ్, నేను లావయ్యానని మీ మరిది పార్టీకి ఎవరు మోశారు? గెలిపిస్తే మా వీధిలో జిమ్ము పెడతారట. పేరు పెట్టి మరీ రాశారు!"

ఆవిడ చేతిలో కత్తెర ఆగిపోయింది. వెంటనే మరిదికి ఫోన్ చేసింది.

"మలుపింటి పిల్లకీ పంపావా?"

"కాబోయే తల్లులకు నాలుగింటికి వెళ్తుంది వదినా. కంప్యూటరే పంపేస్తుంది, నా చేతిలో లేదు."

"నీ చేతులు పడిపోను! పుస్తకం తీసుకున్నప్పుడు ఉన్నాయిగా చేతులు!"

నాలుగవడానికి ఐదు నిమిషాలే ఉంది. పైగా ఆ పిల్ల ఇచ్చిన నంబరు అత్తగారిది. రెండుసార్లు కడుపు పోయిన పిల్ల. "మళ్లీ పోగొట్టుకున్నావా అని అత్తయ్య ఇంకోసారి అంటే వినలేనక్కా" అని ఈ మిషను పక్కనే కూర్చుని ఏడ్చింది.

మెడలో టేపు అలాగే ఉంది, ఒక కాలికి ఒక చెప్పు, రెండో కాలికి వేరే చెప్పు. ఆయాసపడుతూ వెళ్లేసరికి అత్తగారు ఫోన్ పట్టుకుని తడుముకుంటోంది.

"సమయానికొచ్చావే! కళ్లజోడు కనబడ్డంలేదు. ఇదేంటో చదివిపెట్టు."

కాబోయే అమ్మకు అభినందనలు అని మొదలైంది.

"ఓటెయ్యమంటున్నారు పిన్నిగారూ, ఇంకేముంటుంది" అంటూ బొటనవేలితో చెరిపేసింది.

గుమ్మంలో నిలబడ్డ కోడలు ఆవిడ మొహం చూసింది. గేటు దాకా వెంట వచ్చింది.

"నా సంగతేనా అక్కా?"

"మా మరిది నా పుస్తకం ఫోటోలు తీసుకుపోయాడు. నీ పేజీ ఇప్పుడే చించేస్తానమ్మా."

"నువ్వు ఇక్కడ చించితే వాళ్ల దగ్గర చిరుగుతుందా?"

ఆవిడ టేపును వేలికి చుట్టుకుంది. లోపల ఫోన్ మళ్లీ టింగుమంది.

"ఇదిగో, ఇంకోటొచ్చింది!" అత్తగారు కేకేసింది. "నువ్వు రానక్కర్లేదులే, కళ్లజోడు దొరికింది."