గ్యారేజీల చాట పెట్టుకొని కూసున్న దినం

దగ్గరికి జరిగి కూసోండ్రి. చేతుల పని ఉంటే చేసుకుంటనే వినుండ్రి, నేను గూడ చేసుకుంటనే చెప్త.

నీలం నగర్ల, మన నేతోళ్ల బస్తిల మేమున్నప్పుడు మా ఇంటాయన పవర్‌లూమ్ మీద పని చేసెటోడు, నేను బీడీలు సుట్టేదాన్ని. పత్తి ధూళి ఛాతిలకు పోయి ఆయనకు దగ్గు పట్టింది. "మళ్ల కార్ఖాన్లకు పోతె మనిషి దక్కడు" అని డాక్టరు నా మొకం మీదనే చెప్పిండు. అందుకనే మగ్గం ఇడిసిపెట్టి, ఒక పాత కారు కొని కిరాయిలకు నడుపవట్టిండు.

ఆ కారేమో కొంత దూరం పోంగనే నడిదోవల నిలవడేది. జర సేపు ఊకుంటే మళ్ల నడిచేది. ఒకపారి పెండ్లిపిల్లను ఎక్కిచ్చుకొని ఎండల నిలవడ్డది. ఆ పిల్ల మేనమామ మా వాకిట్లకొచ్చి తిట్టిపోయిండు.

రోడ్డు మీది గ్యారేజాయన రెండు మాట్లు బాగుచేసిన అన్నడు. రెండు మాట్లు అదే కథ. మూడోసారి "ఇంజన్ దించాలె" అన్నడు. మా ఆయన ఇంటికొచ్చి గోడకు ఆనుకొని, "కారు అమ్మేస్తనే. కార్ఖాన సేటు రమ్మంటుండు, సోమవారం నుంచి మగ్గం మీదికే పోత" అన్నడు.

"పోవుడు లేదు," అన్న. "మంచి మిస్త్రీని నేను చూస్త."

"బండి సంగతి నీకేం ఎరుకే?"

నిజమే, ఎరుక లేదు. గని బీడీ కార్ఖాన్ల మా బీడీలల్ల చెడ్డయి ఏరేటాయన మా ముంగట ఏరితే, ఏది తీసేసిండో ఎందుకు తీసేసిండో కనవడ్తది. లోపటికి తీస్కపోయి ఏరెటోనితోనే మాకు కొట్లాట. మిస్త్రీని గూడ గట్లనే చూడాలె అనుకున్న.

తెల్లారి చాట, ఆకు, తంబాకు పట్టుకొని కారెక్కిన. మొదలు ఆ రోడ్డు గ్యారేజీకే పోయినం. "నేను ఈడనే కూసొని బీడీలు సుట్టుకుంట, మీరు పని చేయుండ్రి" అన్న.

ఆయన నవ్విండు. "అమ్మా, ఇది ఆడోళ్లు కూసునే జాగ కాదు. బండి ఇడిసిపోండ్రి, సాయంత్రం రాండ్రి."

"పోదాం పా" అన్న మా ఆయనతోని.

ఇంకొక మిస్త్రీ కూసోనిచ్చిండు గని, ఏం ఇప్పుతున్నవని అడిగితే "చెప్తే నీకు తెలుస్తదా" అన్నడు. ఆడికెల్లి గూడ లేచినం. మా ఆయనకు సిగ్గు. "పేటంత నవ్వుతరే!"

"నవ్వనీ."

జోడ్‌భావి పేట్ల ఒక సందుల, రేకుల కింద ఒక ముసలి మిస్త్రీ దొరికిండు. ఉర్దూ మనిషి, గని తెలుగోళ్ల నడుమ పెరిగిండు, మన మాట మంచిగనే వచ్చు. నా చాట చూసి, "కూసో బేటీ. ఎన్నన్న సుట్టు, ఒక్కటి గూడ ముట్టియ్యకు. ఇదంత పెట్రోలు" అన్నడు.

కార్బొరేటర్ ఇప్పి కడిగి, ఒక్కొక్క ముక్క నాకు చూపెట్టి బిగిచ్చిండు. కారు తిప్పి చూస్తమని మా ఆయనను పక్కకు కూసోవెట్టుకొని పోయిండు. ఇద్దరు కారును నూక్కుంట తిరిగొచ్చిండ్రు.

నేను సుట్టుడు ఆపి మిస్త్రీ మొకమే చూసిన. ఇప్పుడేమంటడో?

"నా అందాజ తప్పింది బేటీ," అన్నడు. "దీనికి నాకేం ఇయ్యొద్దు. మళ్ల మొదటికెల్లి చూస్త."

చూసుకుంట చూసుకుంట పెట్రోలు ట్యాంకి దగ్గరికి పోయి ఆగిండు. ట్యాంకి మూత ఎన్నడో పోయిందట. మా ఆయన కార్ఖాన నూలు ఉండ చేసి దానికి బిరడ కొట్టిండు! మగ్గపోళ్లకు ఏది కారినా నూలే అడ్డం వెట్టుడు అలవాటు. ఆ పోగులు లోపటికి జారి, బండి నడుస్తుంటే పైపుకు అడ్డం వడేటియి, ఆగితే పక్కకు తేలేటియి. మిస్త్రీ తీగతోని గుంజితే సేమియాల లెక్క వచ్చినయి.

"ఏం భాయ్, పెట్రోలుకు చద్దర్ నేస్తున్నవా? ఇంజనుకేం కాలే. తప్పు నీదే."

మా ఆయన తల గోక్కున్నడు. నాకు నవ్వొచ్చింది, అంతలనే కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఆయన ఛాతిని పట్టుకున్నది గూడ గా పత్తే గద.

ట్యాంకి కడిగిచ్చి, కొత్త మూత వెట్టిచ్చినం. అంత దూరం అక్కల్‌కోట్ దాక ఎండల పోయొచ్చినం, ఏడ గూడ నిలవడలే. ఆ దినం నుంచి మా కారును ఆ ముసలి మిస్త్రీకి తప్ప ఇంకొకల చేతికి ఇయ్యలే.

సోమవారం మా ఆయన పొద్దుగాలనే కిరాయి మీద పోయిండు. సేటు కాడికి నేను పోయిన. "మా ఆయన రాడు సేటూ. ఆ మగ్గం వేరేటోళ్లకు ఇయ్యుండ్రి" అని, ఆయన మారుమాట అనకముందే మెట్లు దిగిన.

ఇంత సేపు కూసొని విన్నరు, మీ ఇల్లు సల్లగుండ. పొద్దుగాల పనికి పోయిన మీ ఇంటోళ్లు పొద్దుగూకెటాళ్లకు నవ్వుకుంట గడప తొక్కాలె, మీ పిల్లాపాపలు నిండుగ బతకాలె.