బొటనవేలు ఆగొద్దు

మా వాషింగ్ మెషిన్ ముసలిదైపోయింది. బట్టలు పిండే సమయానికి నిలబడ్డ చోట నిలబడదు, ధడ్ ధడ్ మని గోడకు కొట్టుకుంటుంది. మార్చమని పిల్లలు మూడేళ్లుగా పోరుతున్నారు. నేను మార్చను. ఆ చప్పుడు మొదలు కాగానే నా కుడిచేతి బొటనవేలు దానంతటదే తొడమీద దరువు వేస్తుంది, మిగిలిన వేళ్లు మెల్లగా లేస్తాయి. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, ఆ కాసేపు నేను జగిత్యాలలో ఉండను, సిరిసిల్లలో ఒక షెడ్డు గుమ్మంలో ఉంటాను. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఆ సాంచాలు చెడిపోతే బాగుచేసే మేస్త్రి చంద్రన్న. నాకు గిటారు నేర్పింది ఆయనే.

నిజం చెప్పాలంటే గిటారు మా ఇంటికి సంగీతం కోసం రాలేదు, గోడ కోసం వచ్చింది. మా అన్న దుబాయి నుంచి సెలవుకు వస్తూ టేప్‌రికార్డరు, దుప్పట్లు, అత్తరు సీసాలతో పాటు దాన్నీ తెచ్చాడు. కోరుట్లలో మా వాడలో మనిషి గల్ఫ్ పోయిన ప్రతి ఇంట్లో ఏదో ఒకటి గోడకు వేలాడేది. మాకది గిటారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, ఒక ప్రైవేటు బడిలో టీచర్ని, ముక్కుమీద కోపం. నాతో పనిచేసే రూతక్క చర్చిలో పాటలకు గిటారు వాయించేది. ఆమె దగ్గర తీగల మీద నాలుగు పట్లు పట్టడం నేర్చుకుని, ఇంక నాకంతా వచ్చేసిందనుకున్నాను. మా అన్న విని నవ్వాడు. "గిది వాయించుడా? మా క్యాంపుల నా రూంల చంద్రన్న ఉంటుండె. ఆయన వాయిస్తే ఇద్దరు వాయిస్తున్నట్టుంటది. ఇప్పుడు సిరిసిల్లలనే ఉంటుండు, పా పోదాం," అని ఆ ఆదివారమే బస్సెక్కించాడు.

షెడ్డులో సాంచాలన్నీ ఒకేసారి నడుస్తున్నాయి. నోరు తెరిస్తే మన మాట మనకే వినపడదు. అక్కడివాళ్లు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారని నాకు తెలియదు. మా అన్న గొంతు చించుకుని పిలిచాడు. ఒక సాంచ కింద దూరి ఏదో బిగిస్తున్న మనిషి కదల్లేదు. అంతలో టిఫిను గిన్నె పట్టుకుని ఆయన భార్య లక్ష్మి వదిన వచ్చింది. ఆమె పిలవలేదు. వంగి ఆయన వీపుమీద రెండుసార్లు తట్టింది. ఆయన వెంటనే లేచి, "ఎవలచ్చిండ్రు?" అంటూ బయటికొచ్చాడు. ఒక తట్టు తడితే అన్నం తెచ్చినట్టు, రెండు తడితే ఎవరో వచ్చినట్టు అట. మూడు కూడా ఉన్నదా వదినా అని అడిగాను. "మూడంటే, పని సాలుగని ఇంటికి రా అన్నట్టు," అంది నవ్వుతూ.

వాళ్లింట్లో వదిన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంది. చంద్రన్న చెవిని మేం తీసుకెళ్లిన గిటారు చెక్కకు ఆనించి తీగలు సవరించి, వాయించాడు. లావు తీగల మీద బొటనవేలు ఒకే నడకలో పోతూనే ఉంది. సన్న తీగల మీద మిగిలిన వేళ్లు ఆ నడకను పట్టించుకోనట్టే ఇంకేదో చెప్పుకుంటున్నాయి, అయినా దాన్ని విడవడం లేదు. నిజంగానే ఇద్దరు మనుషులు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

"గిదేం పాటన్నా?" అని అడిగాను.

"పేరు లేదు చెల్లె. మా క్యాంపుల వంటమనిషి ఉండె, కేరళాయన. ఆయన కట్టుకున్న పాట. రెండేండ్లు నేర్పిండు నాకు. వీసా అయిపోయి పోయిండు, మళ్ల జాడ లేదు. కాయితం మీద లేదు, ఇంకెవలకు రాదు." అని తన చెవి పట్టుకుని చూపించాడు. "సాంచాల చప్పుడుకు గివి మొద్దువారుతున్నయ్. మొత్తం పోకముందు గీ పాట ఇంకో మనిషి చేతుల ఇనాలె. గంతే నా ఆశ. నువ్వు పడుతవా?"

నేనేం తక్కువదాన్నా! "ఒక్క నెలల పడ్తనన్నా," అన్నాను. వదిన చాటలోంచి తల ఎత్తి నన్నొకసారి చూసి, మళ్లీ బీడీల్లో పడింది.

అబ్బో, నెల! రెండేళ్లు తిన్నది ఆ పాట. చూపుడువేలు కదిలితే బొటనవేలు ఆగిపోతుంది, బొటనవేలు నడిస్తే మిగిలినవి దానితోపాటు అడుగులేస్తాయి. తీగలే గట్టిగున్నాయి, ఈ గిటారే మంచిది కాదని ఒకరోజు విసుక్కున్నాను. "ఆడరాక మద్దెల ఓడన్నదట, నీ అసొంటిదే," అని వదిన అంటించింది. చంద్రన్న నవ్వలేదు. "బొటనేలు సాంచ అనుకో చెల్లె. కడమ వేళ్లు సాంచ కాడ ముచ్చట వెట్టుకునే మనుషులు. మనుషులు నవ్వుతరు, కొట్లాడుతరు, ఊకుంటరు. గంత మాత్రానికి సాంచ ఆగుతదా? నువ్వు తప్పువోతే పో. గా వేలు మాత్రం ఆగొద్దు," అన్నాడు.

సెలవు అయిపోయి మా అన్న దుబాయి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి రోజులు బాగాలేవు. నక్సలైట్లు బంద్ అంటే బస్సులుండవు, పోలీసులు దారిలో బస్సు ఆపితే గంటల తరబడి నిలబడటమే. పక్క ఊళ్లో ఏం జరిగిందో ఎవరూ గట్టిగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఒక్కదాన్ని సిరిసిల్ల పంపేది లేదని అమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. ఉపాయం మాత్రం అమ్మ దగ్గరే దొరికింది. ఆమెకు ఉత్తరం రాయడం రాదు. వారానికోసారి టేప్‌రికార్డరు ముందు కూర్చుని, పెసరు చేను సంగతి మొదలుకొని నా పెళ్లి సంగతి దాకా మా అన్నకు కేసెట్లో మాట్లాడి పంపేది. గల్ఫ్ ఇళ్లన్నింట్లో అదే అలవాటు. మరి మాట దుబాయి దాకా పోయినప్పుడు పాట సిరిసిల్ల పోదా? నేను వాయించింది కేసెట్లో పట్టి సిరిసిల్ల బస్సు కండక్టరుకు ఇచ్చేదాన్ని. జవాబు అదే కేసెట్టు రెండో వైపు నిండి వచ్చేది.

"చెల్లె, మూడో తీగ జర దిగింది, సవరించుకో. ఉంగురపు వేలు మూగగ పలుకుతుంది, గోరు పెంచు. బొటనేలు రెండుకాడ్ల ఆగింది. ఆగొద్దు." వెనక నుంచి వదిన గొంతు: "పొల్ల మంచిగనే కొట్టింది గద, జర మెచ్చుకోరాదు!" నేనూ రూతక్కా బడి అయ్యాక ఆ కేసెట్టును తిప్పి తిప్పి వినేవాళ్లం, ఆ సంగతీ చంద్రన్నకు కేసెట్లో చెప్పేదాన్ని. "మెల్లగ వాయించు పిల్లా. మెల్లగ రానిది జోరుగ వస్తదా?" అనేది రూతక్క. ఆమె పక్కన కూర్చుని వినీ వినీ, నాకంటే ముందే ఆ పాట సగం పట్టేసింది. నాకు లోపల మండేది.

పాట నడుమ ఒక చోటుంది. అక్కడ బొటనవేలు ఒక తీగ దాటి దూకాలి, అదే క్షణంలో వేళ్లు వెనక్కి రావాలి. నాలుగు నెలలు తల కొట్టుకున్నా నాకు రాలేదు. చివరికి సిగ్గుమాలిన పని చేశాను. నాకొచ్చిన ముక్క వాయించి, టేపు ఆపి, నడిమి ముక్క రూతక్కతో వాయించి, మళ్లీ నేను అందుకున్నాను. "గిది తప్పు పిల్లా," అంటూనే, నా పోరు పడలేక వాయించింది పాపం. వారానికి జవాబొచ్చింది. చంద్రన్న గొంతు. "మొత్తం అచ్చింది. మంచిగుంది. గని నడిమిట్ల చెయ్యి మారింది చెల్లె. గది నీ చెయ్యి గాదు." అంతే. తిట్టలేదు. ఆ రోజు బొటనవేలి మాట కూడా ఎత్తలేదు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నెలరోజులు గిటారు ముట్టలేదు. మళ్లీ మొదలుపెట్టి పంపితే జవాబులు వచ్చాయి కానీ, తేడాగా వచ్చాయి. ఆలస్యంగా, పొట్టిగా. "నడిమిట్ల ఉరికినవ్. ఆఖర్ల బొటనేలు అలిసింది." తీగ శ్రుతి దిగిందన్న మాటే లేదు. ఒకసారి మూడో తీగ బాగా దిగిందని రూతక్క చెబుతున్నా, తిక్కకొద్దీ అట్లాగే పంపాను. దాని మీద ఒక్క ముక్క అనలేదు. ఇంకా కోపం పోలేదన్నమాట, వినకుండానే ఏదో ఒకటి చెప్పి పంపుతున్నాడన్నమాట అనుకున్నాను.

అంతలో ఒకరోజు కండక్టరు బడికే వచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. చెకింగులో కేసెట్టు దొరికిందట. నక్సలైట్ల పాటలేమోనని, ఏ కేసెట్టు దొరికినా మనిషిని ఠాణాకు పట్టుకుపోయే రోజులవి. పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టి రెండు వైపులా విన్నారట. "బుగులుతోని పానం వోయింది టీచరమ్మా. ఆఖరికి సారు ఏమన్నడో ఎర్కేనా? నడిమిట్ల తప్పుతుంది, ఇంకా నేర్సుకోమను అన్నడు." రూతక్కకు నవ్వాగలేదు. కండక్టరు నవ్వలేదు. "పిల్లలుగల్లోన్ని. ఇగ నాతోని గాదు," అని కేసెట్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టను.

అమ్మను బతిమాలి, గిటారు పట్టుకుని, రూతక్కను తోడు తీసుకుని, ఆదివారం పొద్దున బస్సెక్కాను. పాట చూపించడానికి సగం, కొట్లాడటానికి సగం. చంద్రన్న ఇంటిముందు అరుగు మీద, మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. "అన్నా!" అన్నాను. తిరగలేదు. మూడుసార్లు పిలిచాను. నాకు కోపం నెత్తికెక్కింది. అప్పుడు వదిన లోపలినుంచి వచ్చి, ఆయన వీపుమీద రెండుసార్లు తట్టింది. చంద్రన్న వెనక్కి తిరిగాడు. నన్ను చూసి మొహమంతా వెలిగిపోయింది.

మేమున్నది షెడ్డులో కాదు. సాంచాలు లేవు. కరెంటు లేక ఆ వాడంతా చప్పుడు లేకుండా ఉంది.

"ఎప్పటి సంది వదినె?" అన్నాను.

"రూతమ్మ చెయ్యి ఉన్న కేసెట్టు లేదా, గదే ఆఖరు. గది అయినంక ఆయనకు ఏదీ ఇనరాలే," అంది.

ఆ పాట నా చేతిలో వినాలని కదా ఆ మనిషి కోరుకున్నది! ఆయన చెవులు చివరిగా విన్నది నా మోసం. మరి ఇన్నాళ్లూ జవాబులెట్లా పంపాడు? వదిన చెప్పింది. కేసెట్టు పెట్టి, ఆమె ఆయన వెనక కూర్చునేదట. లావు తీగల చప్పుడు ఒక చేత్తో, సన్న తీగల చప్పుడు ఇంకో చేతి వేళ్లతో ఆయన వీపుమీద వేసేదట. "నాకు గిటారేం తెలుసు? నువ్వు ఆగిన కాడ ఆగిన, ఉరికిన కాడ ఉరికిన. కడమది ఆయన సమజ్ చేసుకుండు." శ్రుతి దిగిన తీగను వీపుమీద ఎట్లా తడతారు? అందుకే ఆ మాట రాలేదు.

నేను ఏడుస్తూ ఏదేదో అన్నాను. సాంచాల మనిషి కదా, పెదవులు చదివాడు. "ఏడుస్తవెందుకు? గట్లనన్న మొత్తం ఇన్న గద. రూతమ్మ మంచిగ కొట్టింది," అన్నాడు, అవసరానికి మించిన గట్టి గొంతుతో. రూతక్క గోడవైపు తిరిగిపోయింది. "ఇగ నువ్వు కొట్టు."

ఆయన అరచేయి గిటారు చెక్కమీద పెట్టాడు. వదిన ఆయన వెనక కూర్చుంది. నేను వాయించాను. నడిమి చోటు వచ్చింది. బొటనవేలు దూకింది. వేళ్లు వెనక్కి వస్తూ ఒక్కటి జారింది. అయినా బొటనవేలు ఆగలేదు. వదిన చెయ్యీ ఆగలేదు. పాట అయిపోయాక కూడా, చెక్కలో వణుకు సద్దుమణిగేదాకా ఆయన చెయ్యి తీయలేదు.

"ఒక్క కాడ తప్పినవ్."

"అవునన్నా."

"గని సాంచ ఆగలే." కళ్లు తుడుచుకుని, "లెవ్వుండ్రి, అన్నం తిందురు," అన్నాడు.

చంద్రన్న పోయి పదేళ్లయింది. ఆయన పోయిన నెలరోజులకు గిటారు పట్టుకుని సిరిసిల్ల వెళ్లాను. చావింటికి ఇదేం వస్తువని వాడవాళ్లు వింతగా చూశారు. వదిన అడక్కముందే నా వెనక వచ్చి కూర్చుంది. నేను వాయిస్తుంటే ఆమె చేతులు నా వీపుమీదికి వచ్చాయి. నాకు చెవులు బాగానే ఉన్నాయని చెప్పబోయి, వాయిస్తూనే ఉన్నాను. పాట సాగినంతసేపూ తట్టింది. పాట అయిపోయింది. ఆమె చెయ్యి ఒకటి లేచి, మెల్లగా, మూడుసార్లు తట్టింది.

నేను వెనక్కి తిరగలేదు. ఇంటికి రమ్మనే ఆ పిలుపు నాకు కాదు. గిటారు ఒళ్లోనే ఉంది, నా బొటనవేలు మళ్లీ లావు తీగ మీద నడవడం మొదలుపెట్టింది.